పుష్పమండపములో పేరెరుగని పూలు

శ్రీవైష్ణవ సంప్రదాయమున శ్రీరంగము భోగమండపమనియు, కాంచీపురము త్యాగమండపమనియు, తిరుమల పుష్పమండపమనియు పేరొందినవి. పుష్పమండపమనగానే యాత్రికులకు స్ఫురించునది శ్రీవారి దివ్యమంగళవిగ్రహమును కిరీటము మొదలు శ్రీపాదములవరకు అలంకరించు పూలమాలలు. ఆ మాలలను సిద్ధపరచు పూలగదికి యామునోత్తరై యని పేరు. కార్తికమాసమున శ్రవణానక్షత్రమునాడు జరుగు పుష్పయాగము చిరకాలము ఆగిపోయి, 1980లో తిరిగి ఆరంభమైనది. ఆనాడు టన్నులకొలది పూలతో ఉత్సవమూర్తులకు అర్చన జరుగును. కొండపై పూచిన పూవు స్వామికే చెందవలెనను నియమముచేత తిరుమలలో స్త్రీలు సైతము సిగలో పూలు తురుముకొనరు. ఇంతటి నియమము గల క్షేత్రము మరొకటి అరుదు.

ఇదంతయు సత్యమే. అయినను పుష్పమండపము ఆలయప్రాకారముతోనే ముగియునా? అలిపిరినుండి 3550 మెట్లు, శ్రీవారిమెట్టునుండి 2388 మెట్లు ఎక్కి వచ్చు భక్తునికి ఇరువైపుల కనబడు కొండలన్నియు స్వామివే గదా! ఆ కొండ సాలగ్రామమయమనియే పెద్దలు పాదరక్షలతో ఎక్కుటకు సంకోచించిరి. భగవద్రామానుజులు కాలు మోపుటకే జంకి మోకాళ్ళతో ఎక్కిరని ఐతిహ్యము. అట్టి నేలపై ఎవరును విత్తక, ఎవరును నీరు పోయక, ఏటేట తమంత తామే పూచి రాలిపోవు పూవులు వేలకొలది యున్నవి. వాటికి అర్చకులు లేరు, మాలాకారులు లేరు. వాటిని ఆగి చూచు యాత్రికులును తక్కువే.

ఈ కొండలలో ఏ కాలమునకు ఆ పూజ జరుగుచునే యుండును. శిశిరము ముగియు దినములలో ఆకు ఒక్కటియు లేని కొమ్మలపై కొండగోగు పసిడిగిన్నెలవంటి పూలు పూయును. దాని వెనువెంటనే మోదుగ నిప్పుకణికలవలె ఎర్రబారును. చిలుకముక్కువంటి ఆ పూవును చూచి ఇది చిలుకయా యని భ్రమించుటచేతనే దానికి కింశుకమను పేరు వచ్చినదందురు. ఎండలు ముదిరినపుడు రేల పసుపుపచ్చని గుత్తులను గొలుసులవలె వ్రేలాడదీయును. శేషాచలమునకు పెట్టనిసొమ్మైన ఎర్రచందనము కూడ ఎండకాలముననే చిన్న చిన్న పసుపుపూలు పూయును. ఎర్రనిది దాని చేవ. పూవు మాత్రము పసుపు. చెట్టు నరకువారికి ఆ చేవ తెలియును గాని ఆ పూవు తెలియదు. వానలు పడిన పిమ్మట పొదలపై అడవినాభి ప్రాకి, పసుపు ఎరుపు కలిసిన రేకులను అగ్నిజ్వాలలవలె వెనుకకు విరిచి నిలుచును. మెట్ల అంచున గులకరాళ్ళ నడుమ విష్ణుక్రాంతము గోటికంటె చిన్నదైన నీలిపూవును విప్పును.

ఈ కాలమున అడవిదారులలోను, ఉద్యానవనములలోను నడచుచు అడవిపూలను గుర్తించి, వాటి ఛాయాచిత్రములు తీసుకొనుట యువకులకు ఒక వ్యాసంగమైనది. ప్రతివాని చేతిలోని సెల్‌ఫోనులోను కెమెరా యున్నందున అది సులభసాధ్యమైనది. ఇది వట్టి కాలక్షేపమని పెద్దలు కొందరు విసుగుకొందురు. పూవనిన కోసి స్వామికి సమర్పింపవలసినది గాని బొమ్మ తీయవలసినది కాదని వారి వాదము. ఈ వాదములో బలము లేకపోలేదు. పత్రమో, పుష్పమో, ఫలమో, జలమో భక్తితో ఇచ్చినచో ఆరగింతునని గీతాచార్యుడు తొమ్మిదవ అధ్యాయమున సెలవిచ్చియున్నాడు. పూవును చూచి ఇవ్వకుండుట లోభము కాదా యను ప్రశ్న ఉదయించును. దీనిని కొంచెము విచారింపవలసియున్నది.

గోదావరీతీరమునందలి ఒక వైష్ణవగృహస్థు కార్తికమాసమున తన మనుమరాలితో అలిపిరి మెట్లెక్కుచున్నాడనుకొందము. ఆయనకు ఎనుబదియేండ్లు సమీపించినవి. ఆయన ధర్మపత్ని నలుబదియేండ్లు ప్రతిదినము తెల్లవారుజామున లేచి, పెరటిపూలు కోసి, గృహార్చామూర్తికి మాల కట్టిన పుణ్యాత్మురాలు. కాలినడకన కొండ ఎక్కి స్వామికి తన చేతి పూవు నొక్కదానిని సమర్పింపవలెనని ఆమె మ్రొక్కుకొన్నది. మ్రొక్కు తీరకమునుపే పరమపదించినది. ఆ బరువును మోసికొని ఆయన ఒక్కొక్క మెట్టే ఎక్కుచున్నాడు. మనుమరాలు వృక్షశాస్త్రము చదువుచున్న బాలిక. పది మెట్లకొకసారి ఆగి, నేలకు వంగి, ఏదో గడ్డిపూవును ఛాయాచిత్రము తీయును. తాతగారికి ఆలస్యమగుచున్నదని లోలోపల చిరాకు.

గాలిగోపురము దాటినపిమ్మట ఒకచోట విష్ణుక్రాంతము నీలముగా పరచుకొనియున్నది. ఆ పూవును, ఆ పేరును చూచి వృద్ధునకు కన్నులు చెమర్చినవి. ఇదియే ఆమె పూవని తలంచి, వంగి ఒకదానిని కోసెను. మరల చేయి చాపబోగా బాలిక అడ్డుపడి, “తాతగారూ, ఇక కోయకండి” అన్నది.

“స్వామి కొండపై పూచిన పూవు స్వామికి గాక మరెవరికమ్మా?”

“స్వామికే గదా తాతగారూ! అందుకే కోయవద్దంటున్నాను. ఇక్కడ ఉన్నంతసేపు అది ఆయన ఎదుటనే ఉన్నది. కోస్తే మన చేతిలోకి వస్తుంది.”

వృద్ధుడు ఉత్తరమీయలేదు. చిన్నపిల్ల తన మ్రొక్కునకు అడ్డుపడినదను కోపము ఒకవంక, ఆ మాటలో ఏదో యథార్థమున్నదను శంక మరొకవంక మనస్సును కలతపెట్టగా, కోసిన పూవును గుప్పిట బిగించి మౌనముగా ముందునకు సాగెను.

వీరిలో ఎవరి పక్షము శాస్త్రసమ్మతము? పూవు కోయుట దోషమని శాస్త్రము చెప్పదు. శ్రీవిల్లిపుత్తూరున పెరియాళ్వారు పూదోట పెంచి వటపత్రశాయికి మాలలు కట్టిరి. ఆ తోటలోనే తులసివనమున గోదాదేవి అవతరించినది. శ్రీరంగమున తొండరడిప్పొడి యాళ్వారు తులసీపుష్పకైంకర్యమునకే జీవితమును అంకితము చేసిరి. రామానుజుల ఆజ్ఞచే అనంతాళ్వారు తిరుమలకు వచ్చి, చెరువు త్రవ్వి, తోట వేసి, పూలసేవ నడపిరి. వీరందరును కోసినవారే. అయితే వీరు కోసినది తాము పెంచిన పూవును. విత్తినవాడు, నీరు పోసినవాడు, చీడ తీసినవాడు కోసికొనును. ఆ కోతలో ఇచ్చుట యున్నది. ఇతరుల తోటలో యజమానుని అనుజ్ఞ లేక కోసిన పూవు పూజకు పనికిరాదని గదా ఆచారము! మరి ఈ కొండతోటకు యజమాను డెవరు?

అనంతాళ్వారుల చరిత్రలోని ఒక కథ ఇచ్చట స్మరింపదగినది. తోటలో రాత్రిపూట ఎవరో పూలు కోసికొనిపోవుచుండగా, ఆయన ఒకనాడు మాటువేసి రాకుమారునివంటి ఒక యువకుని, అతనితో నున్న స్త్రీని చూచెను. యువకుడు తప్పించుకొని అప్రదక్షిణముగా పరుగెత్తెను. స్త్రీని చెట్టునకు కట్టివేసెను. తెల్లవారినపిమ్మట స్వామి వక్షఃస్థలమున అమ్మవారు లేకపోవుట తెలియవచ్చినది. ఆయన భయభక్తులతో ఆ తల్లిని పూలబుట్టలో కూర్చుండబెట్టి సన్నిధికి తీసికొనిపోయి అప్పగించెను. బ్రహ్మోత్సవముల మరునాడు నేటికిని జరుగు బాగ్‌సవారి ఉత్సవము ఈ లీలకు స్మారకము. స్వామికని పెంచిన పూవును స్వామియే మారువేషమున వచ్చి కోసినను ఆ భక్తుడు సహింపలేదు. ఇక యాత్రికులమైన మనము దారిప్రక్కన చేయి చాపునపుడు ఎంత ఆలోచింపవలెను!

లౌకికధర్మమును ఇదే చెప్పుచున్నది. ఈ కొండలలో చాల భాగము 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయోద్యానముగా ప్రకటింపబడినది. 2010లో శేషాచలము జీవావరణ పరిరక్షణ ప్రాంతముగా గుర్తింపు పొందినది. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును అనుసరించి జాతీయోద్యానములోని మొక్కను పెకలించుటగాని కొనిపోవుటగాని నిషిద్ధము. రాజశాసనమును ధర్మశాసనమును ఒక్కటియైనచోట సందేహమునకు తావు లేదు.

కులశేఖరాళ్వారుల కోరిక ఈ విషయమున మిక్కిలి లోతైనది. ఆయన చేరరాజు. రాజ్యము వలదు, స్వర్గము వలదు, తిరుమలలో ఏదో ఒకటిగా పుట్టిన చాలునని వేడుకొనెను. పక్షినైనను, చేపనైనను కావలెననెను. సంపెంగచెట్టునై నిలిచినను చాలుననెను. అంతటితో ఆగక, ఏ ప్రయోజనము లేని పొదగానైనను ఉండు తపస్సు కావలెననెను. సంపెంగ తరువాత పొద యేల? వ్యాఖ్యాతలు దీని భావమును రమ్యముగా విప్పిచెప్పుదురు. సంపెంగకు పరిమళమున్నది. ఎవరైన ధనికుడు ముచ్చటపడి పెకలించి తన తోటకు తీసికొనిపోవచ్చును. అపుడు కొండ ఎడబాటు కలుగును. ఎవరికిని పనికిరాని పొదను ఎవరును కొనిపోరు. అది కొండనే అంటిపెట్టుకొని యుండును. చివరకు ఆయన సన్నిధిలో మెట్టుగా పడియుండవలెనని కోరెను. గర్భాలయపు గడప నేటికిని కులశేఖరపడి యని పిలువబడుచున్నది. ఒక చక్రవర్తి కోరియు పొందుటకు ఇంత తపించిన జన్మ మెట్లప్రక్కనున్న పేరెరుగని పొదకు అప్రయత్నముగా లభించినది. దానిని కలుపుమొక్క యని తన్ని పోవుట తగునా?

అట్లయినచో పూవును తీసికొనిపోక దానిచెంత చేయవలసిన దేమి? చూడవలెను, తెలిసికొనవలెను. ఇచ్చట ఛాయాచిత్రము సాధనముగా ఉపకరించును. పూవునకు చిత్రము తీయువాడు ముందు నిలువవలెను, పిమ్మట వంగవలెను. మరింత చిన్నదైనచో మోకాళ్ళపై కూర్చుండవలెను. గాలి ఆగువరకు ఓపిక పట్టవలెను. తన నీడ పూవుపై పడకుండ ప్రక్కకు తొలగవలెను. నిలుచుట, వంగుట, ఓర్చుట, తన నీడను తొలగించుకొనుట అనునవి భక్తుడు సన్నిధిలో చేయవలసినవియే గదా!

తెలిసికొనుటలోను ఒక క్రమమున్నది. పూవు నొక్కదానిని చూచి మొక్కను గుర్తింపరాదు. ఆకులు ఎదురెదురుగా ఉన్నవా, ఒకటి విడిచి ఒకటిగా ఉన్నవా, కాండము నేల ప్రాకునా నిలుచునా, పూవు వెనుకభాగ మెట్లున్నది, కాయ యే రూపమున నున్నది అని అన్నిటిని చూచి, ప్రతిదానికి చిత్రము తీసికొనినగాని నిర్ణయము కుదరదు. పాఠశాలలలో చదివినవారు అమరకోశము ద్వితీయకాండమునందలి వనౌషధివర్గమును కంఠస్థము చేయుదురు. ఆరగ్వధమని యేబదియేండ్లు వల్లించినవారిలో ఎందరికి అది తమ ఊరి పొలిమేరనున్న రేలచెట్టని తెలియును? లాంగలి, అగ్నిశిఖ అను పేర్లు నాలుకపై నున్నను అడవినాభిని చూచి గుర్తించువారెందరు? పేరు తెలిసి వస్తువు తెలియనివారు ఒకరు, వస్తువు తెలిసి పేరు తెలియనివారు మరొకరు. తాతయు మనుమరాలును కలసి నడచినపుడే ఆ విద్య పూర్ణమగును. విష్ణుక్రాంతమునే చూడుడు. అమరసింహుడు ఆ పేరును గిరికర్ణి, అపరాజిత అను పేర్లతో కలిపి చెప్పెను. అది దింటెన యనబడు శంఖపుష్పపు తీగ. మన తెలుగువారు వినాయకచవితిపత్రిలో చేర్చు విష్ణుక్రాంతము నేల ప్రాకు చిన్నమొక్క. పేరొక్కటి, మొక్కలు రెండు. కంటితో చూడక పేరుతోనే తృప్తిపడినవాడు ఇట్టిచోట పొరబడును.

అయితే ఈ వ్యాసంగమునకును ఒక ప్రమాదమున్నది. భాగవతము ఏకాదశస్కంధమున అవధూత తనకు గురువులైన ఇరువదినలుగురిని పేర్కొనుచు తుమ్మెదను, తేనెటీగను గూడ చెప్పెను. తుమ్మెద చిన్నపూవు పెద్దపూవు అను భేదము లేక, పూవునకు నొప్పి కలుగకుండ సారమును గ్రహించును. వివేకి అట్లే అన్ని శాస్త్రములనుండి సారము గ్రహింపవలెను. తేనెటీగ కూడబెట్టును. కూడబెట్టిన తేనెతోపాటు అదియు నశించును. ఛాయాచిత్రములు తీయువారికి ఈ ఇరువురును గురువులే. పది పూలను నిలిచి చూచినవాడు తుమ్మెద. పదివేల చిత్రములు కూడబెట్టి, వాటిని మరల చూడనైన చూడక, పదిమంది మెప్పునకు ప్రదర్శించువాడు తేనెటీగ. ఒక అరుదైన పూవు చిత్రమునకై చుట్టునున్న పది మొక్కలను త్రొక్కువాడు, చక్కగా కనబడవలెనని కొమ్మను విరిచి వెలుతురులో పెట్టువాడు కోసినవానికంటె ఎక్కువ హింస చేసినవాడగుచున్నాడు. మెట్లదారిని విడచి అడవిలోనికి పోవుట ప్రాణాపాయకరము కూడ. 2023లో అలిపిరిదారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టనబెట్టుకొనిన విషాదము మరువరానిది. దారినుండి కనబడినంత పూవే మనకు స్వామి ఇచ్చిన పూవు.

దేశీయమైన పూలను గుర్తించుటలో మరొక వివేకము కావలెను. అడవులలో పొదలుపొదలుగా అల్లుకొను లంటానా, ఖాళీస్థలములనెల్ల ఆక్రమించు వయ్యారిభామ అమెరికా ఖండమునుండి వచ్చినవి. ఇవి స్థానికమైన మొక్కలకు చోటు లేకుండ చేయును. అంతమాత్రమున పరదేశపు పూవెల్ల నింద్యము కాదు. మన పండుగలలో గుమ్మమునకు కట్టు బంతిపూవు మెక్సికోనుండి వచ్చినది. ప్రతియింట పూజకు కోయు బిళ్ళగన్నేరు మడగాస్కరు ద్వీపమునకు చెందినది. పెరటిలో వాటిని పెంచి స్వామికి ఇచ్చుటలో దోషము లేదు. స్వామి జాతి అడుగడు. కాని ఆ విత్తనమును కొండపై చల్లరాదు. అతిథి యింటిలో గౌరవింపబడవలెను గాని యింటివారిని వెడలగొట్టరాదు.

పూవు కోయక పూజ యెట్లని అడుగువారికి పెద్దలు అష్టపుష్పములను చెప్పియున్నారు. అహింస, ఇంద్రియనిగ్రహము, సర్వభూతదయ, క్షమ, జ్ఞానము, తపస్సు, ధ్యానము, సత్యము అను ఈ యెనిమిది విష్ణుప్రీతికరములైన పూవులు. వీనిలో మొదటి పూవు అహింస. అడవిపూవునకు చాచిన చేతిని వెనుకకు తీసికొనినవాడు మొదటి రెండు పూవులను ఒక్కసారిగా సమర్పించినవాడగుచున్నాడు. చేయి చాచినవాని తప్పును సైరించువాడు నాల్గవ పూవును సమర్పించుచున్నాడు.

ఇక ఆ వృద్ధుని కథ. మోకాలిమెట్టు చేరునప్పటికి మధ్యాహ్నమైనది. అలసి కూర్చుండి గుప్పిట విప్పి చూచుకొనెను. విష్ణుక్రాంతము ఉదయమున విచ్చి మధ్యాహ్నమునకు ముడుచుకొను స్వభావము గలది. అరచేతిలో నీలిరేకులు లేవు. చెమటకు తడిసి నలిగిన ఒక చిన్న నూలుపోగువంటిది మాత్రమున్నది. ఇది సన్నిధికి చేరదు. చేరినను మాలలో ఒదుగదు. వృద్ధుడు చాలసేపు దానినే చూచుచుండెను. ఆమె మ్రొక్కు తన చేతిలో ఇట్లయ్యెనే యని కంటనీరు పెట్టెను.

బాలిక కోపపడలేదు, నేను చెప్పలేదా యని అనలేదు. ప్రక్కన కూర్చుండి తన సెల్‌ఫోనులో, ఆయన కోయుటకు ముందు తీసిన చిత్రమును చూపెను. అయిదు నీలిరేకులు ఒకటిగా కలసిన చిన్నగొడుగు, నడుమ తెల్లని బొట్టు, ప్రక్కన మంచుబిందువు. “ఇంత అందమున్నదా దీనిలో! నీవు చూచితివి తల్లీ, నేను కోసితిని” అని ఆయన పలికెను. పిమ్మట ఆ నలిగిన పూవును మెట్టుప్రక్క మట్టిలో ఉంచి, తాను చూచి కోయని తక్కిన పూవులన్నిటిని భార్యపేరు తలచి మనస్సుచేతనే స్వామికి నివేదించెను. ఆ మ్రొక్కు అచ్చట తీరినది. అంతకుముందు ఒక్క పూవు ఈయదలచినవాడు ఇపుడు కొండనిండ పూవులిచ్చెను.

ఆలయప్రవేశమునకు ముందు సెల్‌ఫోనును భద్రపరచుచోట ఇచ్చివేయవలెను. లోపల ఏ చిత్రమును తీయరాదు. ఇది ఎంత మంచి నియమము! దారిపొడవున చిత్రములు తీసినవాని చేతిలో ఇపుడేమియు లేదు. మిగిలినవి కన్నులే. సన్నిధిలో నిలుచుటకు లభించునది క్షణకాలము. బహుదూరమునుండి వచ్చి, గంటలకొలది నిలిచి, ఆ క్షణము రాగానే చేతులు జోడించి కన్నులు మూసికొనువా రెందరో కలరు. ఆ వృద్ధుడును వెనుకటి యాత్రలలో అట్లే చేసినవాడు. ఈసారి కన్నులు మూయలేదు. గోటికంటె చిన్నపూవును నిలిచి చూడవలెనని ఉదయమున నేర్చుకొనిన కన్నులు గదా! మాలల నడుమ వెలుగు ఆ తిరుముఖమును రెప్ప వేయక చూచెను.

భాగవతమున శ్రీకృష్ణుడు కనబడనపుడు గోపికలు మల్లెపొదలను, మొల్లలను, తులసిని పేరుపేరున పిలిచి, స్వామి ఈ దారిని పోయెనా యని అడిగిరి. పూవులకు ఆయన జాడ తెలియునని వారి నమ్మకము. పేరు తెలిసినగాని పిలువలేము, నిలిచి చూచినగాని పేరు తెలియదు. కాబట్టి కొండ ఎక్కు భక్తులు మెట్టుప్రక్కనున్న పూవుకడ ఒక్క నిమిష మాగుదురుగాక! దానిని కోయక, త్రొక్కక, ఇష్టమైనచో ఒక చిత్రము తీసికొని, పేరు తెలిసికొని, పిల్లలకు తెలిపి, స్వామి సొత్తును స్వామికే విడచి ముందునకు సాగుదురుగాక! పుష్పమండపవాసియైన శ్రీనివాసుడు సర్వులకు కన్నులున్నందుకు ఫలమును అనుగ్రహించుగాక!

శుభం భూయాత్.